ఓడిన మనిషిని కూడా రాయి

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

దళిత నాయకురాలు, శాసనసభ్యురాలు ఈశ్వరీబాయి గారి మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలో ఆమెను మంత్రిగా పనిచేసిన గీతారెడ్డి గారి తల్లిగా పరిచయం చేసి, రెండో వాక్యంలో ‘నిప్పుకణిక’ అన్నావు. రెండూ కొట్టివేయి. నీ వయసులో నేనూ ఒక పంతులు గారి జీవితాన్ని ఇలాగే బిరుదులతో నింపాను. అందులో పంతులు గారే కనిపించలేదు.

సికింద్రాబాదు చిలకలగూడలో 1918లో పుట్టిన ఆమె, పరోపకారిణి పాఠశాలలో పాఠాలు చెప్పి, ఆ తరువాత తమ పేటలోనే గీతా విద్యాలయం నెలకొల్పి, 1951లో పురపాలక సంఘానికి ఎన్నికైన సంగతిని నీవు ఒక్క పేరాలో దాటేశావు. పిల్లలకు చదువు చెప్పే మనిషికి వాళ్ల ఇళ్లలోని లేమి తెలియకుండా ఉండదు కాబట్టి, బడిలో చూసినదేదో సభలో మాటగా మారిందా అన్నది నీవు వెదకవలసిన విషయం. శాసనసభ చర్చలు అచ్చులో ఉన్నాయి. ఆమె మాటలు వాటిలోంచే తీసుకో. ఎవరో చెప్పగా విన్న ఆవేశపు వాక్యాలను కొటేషన్లలో పెట్టకు.

నాకు అసలు వెలితి అనిపించింది 1967 శాసనసభ ఎన్నికల దగ్గర. రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డిలో ‘ప్రత్యర్థిని ఓడించారు’ అని రాసి ఊరుకున్నావు. ఆ ప్రత్యర్థి టి.ఎన్. సదాలక్ష్మి గారు! 1957లో మన పెద్దపల్లి నుంచి సభకు వెళ్లి, ఉపసభాపతిగా, మంత్రిగా పనిచేసిన నాయకురాలు. ఇద్దరూ దళిత స్త్రీలే, ఇద్దరూ సికింద్రాబాదు వైపు వాళ్లే. పోటీపడింది మాత్రం కామారెడ్డి దాటిన పల్లెల్లో. రెండేళ్లు తిరగకుండానే, 1969లో, ఇద్దరూ ప్రత్యేక తెలంగాణ కోసం ఒకే పక్షాన నిలబడ్డారు. ఇంతటి కథను ఒక్క క్రియాపదంతో ముగిస్తే ఎలా? సదాలక్ష్మి గారిని చిన్నబుచ్చితే ఈశ్వరీబాయి గారి గెలుపూ చిన్నదవుతుంది. 1972లో ఆమె అక్కడే మళ్లీ ఎందుకు గెలిచారో కూడా అప్పుడే అర్థమవుతుంది.

నాటి ఓటర్లకు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటుంది. వానలు పడకముందే ఎల్లారెడ్డి వెళ్లు. ఇద్దరి గురించీ అడుగు; ఒకరి గురించే అడిగితే, ముసలివాళ్లు మర్యాదకు నీకు నచ్చేదే చెబుతారు. తిరగరాసిన ప్రతిని పెద్ద అక్షరాలతో, అంచు వదిలి పంపు. నా కళ్లు మునుపటిలా లేవు.