సందేహాలు – సమాధానాలు: 'ఆయ్' అంటే ఒప్పుకున్నట్టేనా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటి నుంచే ఒక అమెరికా కంపెనీకి పనిచేస్తున్నాను. నేనేం చెప్పినా మా మేనేజర్ 'ఐ హియర్ యూ', 'ఫెయిర్ ఎనఫ్' అంటాడు. ఒప్పుకున్నాడనుకుని పని మొదలుపెడితే 'నేనెప్పుడు ఒప్పుకున్నాను?' అన్నాడు. మొన్న నా ఇబ్బంది చెప్పుకుంటే 'టెల్ మీ అబౌట్ ఇట్' అన్నాడు. మొత్తం విడమరిచి చెప్పాను, నవ్వేశాడు. ఈ మాటలకు తెలుగులో ఏమనాలి?

సమాధానం: కోనసీమవారికి ఈ సందేహం రావడమే నాకు ఆశ్చర్యం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి ధర చెబుతాడు. రైతు 'ఆయ్' అంటాడు. వ్యాపారి ఇంకో రెండు మాటలు కలుపుతాడు. మళ్లీ 'ఆయ్'. బేరం కుదిరిందని ఆ వ్యాపారి కాయ దింపుకోవడానికి మనుషుల్ని పంపేస్తాడా? పంపడు. 'మీ మాట విన్నానండి' అని మర్యాదగా చెప్పడమే ఆ 'ఆయ్'. 'సరే, అలాగే కానివ్వండి' అన్నాకే బేరం. మీ మేనేజర్ 'ఐ హియర్ యూ' కూడా చాలావరకు ఇంతే. గొంతును బట్టి ఒక్కోసారి అందులో ఒప్పుకోలు కూడా ఉండవచ్చు, 'ఆయ్'లో ఉన్నట్టే.

వైర్‌లెస్‌లో మాట్లాడేవాళ్లు ఈ తేడా గట్టిగా పాటించారు. 'రోజర్' అంటే మాట అందిందని మాత్రమే. చెప్పినట్టు చేస్తాననడానికి 'విల్కో' అని వేరే మాట పెట్టుకున్నారు.

'ఫెయిర్ ఎనఫ్' అంటే 'మీరన్నదీ న్యాయమే'. ఆ తర్వాత 'కానీ' రావచ్చు, జాగ్రత్త. 'టెల్ మీ అబౌట్ ఇట్' అంటే చెప్పమని కాదు, 'ఆ బాధ నాకు తెలీదా!' అని. 'గాట్ ఇట్' అంటే అర్థమైందని, అంతే.

ఇక 'ఓకే' సంగతి. 1839 మార్చి 23న బోస్టన్‌లో ఒక పత్రిక 'ఆల్ కరెక్ట్'ను కావాలనే తప్పు స్పెల్లింగుతో 'oll korrect' అనుకుని, సరదాకు దాని పొడి అక్షరాలు 'o.k.' వేసింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల ప్రచారంలోకి ఎక్కి ఆ మాట స్థిరపడింది.

మన 'ఔను' వేళ్లు చాలా లోతు. 'అగు' ధాతువు నుంచి అగును, అవును, ఔను. దాన్ని కాదనే 'కాదు' కూడా ఆ ధాతువుదే. కన్నడిగుల 'హౌదు', తమిళుల 'ఆం' కూడా ఆ ఇంటి బిడ్డలే. అనుమతి ఇవ్వడానికి 'కానివ్వండి', ఇష్టం లేకపోయినా సరిపెట్టుకోవడానికి 'అయితే అయింది', అడ్డు చెప్పడానికి 'అయినా', 'కానీ', తేల్చి చెప్పడానికి 'కాబట్టి', దీవించడానికి 'అగుగాక'. ఒప్పుకోలులో ఎన్ని మెట్లున్నాయో అన్నిటికీ ఒక్క క్రియ చాలింది! నన్నయ కూర్చుని భారతం రాసిన గోదావరి ఒడ్డున పుట్టి, తాతగారి మెసేజ్‌కి 'కే' అని ఒక్క అక్షరం పంపుతున్నారు పిల్లలు. నాకు మనసు చివుక్కుమంటుంది. 'పథకానికి సర్కారు ఓకే' అని శీర్షిక పెట్టే పత్రికలవారికైనా 'ఆమోదం' గుర్తు రావద్దా? 'ఓకే'ను తరిమేయమనను, అది మన నోళ్లలో నలిగి తెలుగైపోయింది. స్నేహితులతో అనుకోండి. పెద్దవాళ్లతో మాత్రం 'అలాగేనండి' అనండి.

మీ మేనేజర్‌ని మాత్రం ఈసారి నేరుగా అడగండి: 'అయితే పని మొదలుపెట్టమంటారా?' అని. ఆయన 'గో అహెడ్' అంటే, అది మన 'కానివ్వండి'. అప్పుడు మొదలుపెట్టండి.