చిన్న వయసులో హఠాత్తుగా ఛాతీ బిగుసుకుని ఊపిరి అందకపోతే ఆసుపత్రికి వెళ్లాలా?

మీరు రాసినదాని సారాంశం ఇది: వయసు 23, ఇంతవరకు చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. నిన్న సాయంత్రం ఊరికే కూర్చుని ఉండగా ఛాతీ పట్టేసినట్టయి ఊపిరి అందలేదు, కాసేపటికి ఆయాసం చాలావరకు తగ్గింది, కానీ గట్టిగా గాలి పీలిస్తే ఒక పక్క ఇంకా నొప్పి వస్తోంది. ఇంట్లోవారు గ్యాస్ అంటున్నారు, స్నేహితులు టెన్షన్ అంటున్నారు. వెళ్లాలా వద్దా అని అడిగారు. వెళ్లాలి, రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే వెళ్లాలి. నేను వైద్యుణ్ని కాను. ఇంచుమించు మీ వయసులోనే, దాదాపు ఇవే లక్షణాలతో ఆసుపత్రిలో చేరినవాణ్ని. ఆ అనుభవంతోనూ, ఆ తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్న విషయాలతోనూ ఈ సమాధానం రాస్తున్నాను.

నాకు తేలినది న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవడం. ఊపిరితిత్తి పైకొన ఉపరితలం మీద కొందరికి పలుచని గోడలున్న చిన్న గాలి బొబ్బలు ఉంటాయి. వాటిలో ఒకటి చిట్లితే లోపలి గాలి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యనున్న సన్నని ఖాళీలోకి కారుతుంది. మామూలుగా ఆ ఖాళీలో పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉండడం వల్లే ఊపిరితిత్తి విచ్చుకుని ఉంటుంది కనుక, గాలి చేరినకొద్దీ అది ముడుచుకుపోతుంది. పొడవుగా, సన్నగా ఉండే యువకులలో ఇది ఎక్కువ, పొగ తాగేవారిలో మరీ ఎక్కువ. బరువులెత్తినప్పుడో పరుగెత్తినప్పుడో వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చే సందర్భాలే అధికం. నాకు పుస్తకం చదువుకుంటుండగా వచ్చింది. ఎడమ రెక్క ఎముక కింద సూదితో పొడిచినట్టు ఒక పోటు, వెంటనే సగం ఊపిరి దగ్గరే గాలి ఆగిపోయిన భావన, ఆపైన పొడి దగ్గు.

మీరు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ జబ్బులో ఊపిరితిత్తి ఇంకా ముడుచుకుని ఉన్నా, నొప్పి మాత్రం ఒక రోజు లోపే చాలావరకు సర్దుకుపోవచ్చు. కాబట్టి ‘తగ్గిపోయింది కదా’ అన్నది ఏమీ లేదనడానికి రుజువు కాదు. నేను అత్యవసర విభాగానికి చేరేసరికి నడుస్తూ, మాట్లాడుతూనే ఉన్నాను. వేలికి తొడిగిన ఆక్సీమీటర్ రక్తంలో ఆక్సిజన్ 96 శాతం అని చూపించింది, 95 పైన ఉంటే సాధారణంగా సరిపోయినట్టే లెక్క. యువకుల శరీరం ఇలాంటి లోటును చాలాసేపు కప్పిపుచ్చుతుంది కాబట్టి, ఇంట్లో ఆ పరికరం పెట్టుకుని అంకె బాగుందని నిద్రపోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అక్కడ మొదట ఈసీజీ తీశారు, అందులో ఏమీ తేలలేదు. డాక్టరు గారు స్టెతస్కోపును కుడి వీపు మీద ఒకచోట, సరిగ్గా దానికి ఎదురుగా ఎడమ వీపు మీద అదే ఎత్తులో మార్చిమార్చి పెట్టి విన్నారు, తరువాత రెండు వైపులా వేళ్లతో తట్టి చూశారు. ఎడమవైపు శ్వాస శబ్దం దాదాపు వినిపించడం లేదని, తడితే డొల్లగా మోగుతోందని చెప్పి ఎక్స్‌రేకు పంపారు. ఫిల్ములో వెంట్రుకంత సన్నని తెల్లని గీత ఒకటి కనిపించింది. దానికి లోపలివైపు రక్తనాళాల నీడలు ఉన్నాయి, బయటివైపు వట్టి నలుపు. ఆ గీతే ముడుచుకున్న ఊపిరితిత్తి అంచు.

న్యూమోథొరాక్స్ చిన్నదైతే, ఆయాసం లేకపోతే, కనిపెట్టుకుని ఉంటే చాలు. చేరిన గాలి రోజుకు ఆ పక్క ఛాతీ పరిమాణంలో సుమారు 1 నుంచి 2 శాతం చొప్పున దానంతటదే ఇంకిపోతుంది. నాది పెద్దది కావడంతో పక్కటెముకల మధ్య మత్తు సూది ఇచ్చి గొట్టం వేశారు. దాని రెండో కొన నీళ్లున్న సీసాలో మునిగి ఉంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలో నీటిమట్టం పైకీ కిందికీ ఊగేది, దగ్గితే బుడగలు వచ్చేవి. బుడగలు ఆగిపోయి, మళ్లీ తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుందని తేలాకనే గొట్టం తీశారు.

మీది కూడా ఇదేనని నేను అనడం లేదు. కాళ్లలోనో కటి భాగంలోనో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరినా ఇలాగే హఠాత్తుగా ఆయాసం వస్తుంది. ఈమధ్య శస్త్రచికిత్స జరిగినవారు, గంటల తరబడి కదలకుండా ప్రయాణించినవారు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఒక కాలు మాత్రమే వాచినవారు ఆ విషయం అడగకపోయినా చెప్పాలి. ఉబ్బసమైతే తరచుగా పిల్లికూతలు వినిపిస్తాయి. వైరల్ జ్వరం తరువాత గుండె పొర వాస్తే పడుకున్నప్పుడు నొప్పి పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. ఈ వయసులో గుండెపోటు అరుదే గానీ అసంభవం కాదు. పొగ తాగేవారు, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బులు వచ్చినవారు దానిని కొట్టిపారేయకూడదు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష మొదట్లో మామూలుగా వచ్చినా, కొన్ని గంటల తరువాత మళ్లీ చేస్తామంటే అది డబ్బు గుంజే ఎత్తు అనుకోకండి, ఆ పదార్థం రక్తంలో పెరగడానికి సమయం పడుతుంది.

ఇక ఆందోళన సంగతి. పానిక్ ఎటాక్ నిజమైన బాధే, నటన కాదు. సాధారణంగా పది నిమిషాల లోపే తారస్థాయికి చేరుతుంది, వేగంగా ఊపిరి తీయడం వల్ల పెదవుల చుట్టూ, వేళ్ల కొనలలో తిమ్మిరి పుడుతుంది. అయితే మొదటిసారి వచ్చినప్పుడు అది ఆందోళనేనని తేల్చవలసింది పరీక్షలు చూసిన వైద్యులు, పక్కన కూర్చున్నవారు కాదు. కాగితపు సంచిలోకి ఊపిరి వదిలి మళ్లీ పీల్చమనే సలహా ఎవరైనా ఇస్తే పాటించకండి, అసలు కారణం గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో ఉంటే ఆక్సిజన్ మరింత పడిపోతుంది.

ఈలోగా ఒక వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, స్పృహ తప్పినా, చెమటలు పట్టి నొప్పి చేతికో దవడకో పాకినా, దగ్గులో రక్తం కనిపించినా వెంటనే అంబులెన్సును పిలవండి. అలాంటప్పుడు బండి మీరే నడపవద్దు. ఏమీ కాకపోయినా ఈరోజు వెళ్లినప్పుడు ‘ఛాతీలో నొప్పి’ అని ఊరుకోకుండా, ఏ పక్క, ఏం చేస్తుండగా, ఎంత హఠాత్తుగా మొదలైంది, ఊపిరికీ భంగిమకూ దానితో సంబంధం ఉందా, సిగరెట్ గానీ వేప్ గానీ అలవాటుందా అనేవి విడివిడిగా చెప్పండి. పెద్దల ఎదుట సిగరెట్ మాట ఎత్తలేకపోతే వారిని కాసేపు బయట కూర్చోమనండి.

ఒకవేళ న్యూమోథొరాక్సే అని తేలితే, సుమారు ముగ్గురిలో ఒకరికి అది తిరగబెడుతుందని, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే అని గుర్తుంచుకోండి. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో నిర్ధారణ అయ్యేదాకా విమానం ఎక్కకూడదు, ఆ తరువాత ఎప్పుడు ఎక్కవచ్చో డిశ్చార్జి సమయంలోనే అడిగి కాగితం మీద రాయించుకోండి.