హాస్టల్‌లో చేరిన పిల్లలకు ఇంటి నుంచి ఎలా అండగా ఉండాలి?

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరి హాస్టల్‌కి వెళ్లిన అబ్బాయి ఫోన్‌లో ముభావంగా ఉంటున్నాడు, ఏం చేయాలని అడిగారు. మొదటి కొన్ని వారాలు ఇంటి మీద బెంగ సహజమే, కంగారు పడకండి. ఫోన్ ఎత్తగానే మార్కులు, అటెండెన్స్ అడగడం మాత్రం మానేయండి. ఏం తిన్నాడో, రూమ్మేట్ ఎలా ఉన్నాడో అడిగి, చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి.

ఇంటర్‌లో ఎప్పుడూ ముందుండే పిల్లలకి ఇక్కడ అందరూ తమలాంటివాళ్లే కనిపిస్తారు. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష)లో మార్కులు తగ్గితే ఇంట్లో చెప్పడానికి భయపడి దాచేస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ దాపరికమే. అందుకే ఫలితాలు రాకముందే చెప్పండి: "సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు నాన్నా, మాకు చెప్పు చాలు." ఆ తర్వాత పక్కింటి పిల్లాడి ర్యాంకు ఎత్తి ఆ మాటను పాడుచేయకండి.

నిద్ర, తిండి సరిగా లేకపోవడం, క్లాసులు మానేయడం రెండు వారాలు దాటితే స్వయంగా వెళ్లి చూడండి. సైకియాట్రిస్టు దగ్గరికి తోడు వెళ్లండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, తల్లిదండ్రులూ చేయొచ్చు. ర్యాగింగ్ అయితే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. చచ్చిపోవాలని ఉందన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి.