ఏపీలో బీ మేలా, ఆనర్స్‌లో ఏ మేలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి పదో గ్రేడు. వచ్చే ఏడాది ఏపీ ఫిజిక్స్ తీసుకుంటానంటాడు. బీ వస్తే జీపీఏ పాడవుతుంది, ఆనర్స్ ఫిజిక్స్‌లో ఏ తెచ్చుకోమంటారు మావారు. రోజూ ఇదే రభస. కాలేజీవాళ్లు ఏది చూస్తారు మేడం?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: ఈ పేజీ ఇండియాలోనూ చదువుతారు కాబట్టి ముందే చెబుతాను, ఏపీ అంటే ఇక్కడ మన ఆంధ్రప్రదేశ్ కాదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠం. ఆనర్స్ దానికి ఒక మెట్టు కింద, మామూలు పాఠానికి ఒక మెట్టు పైన. జీపీఏ అంటే గ్రేడ్ల సగటు.

అమ్మా, మీవారి భయం నాకు తెలుసు. మన ఇంటర్‌లో రాష్ట్రమంతటికీ ఒకే బోర్డు, ఒకే పేపరు. 950 అంటే తెనాలిలోనైనా కర్నూలులోనైనా 950. ఇక్కడ ఏ బడి లెక్క ఆ బడిదే. ఒకచోట ఏపీలో ఏ గ్రేడు వస్తే 5 పాయింట్లు, ఇంకోచోట 6. అందుకే ఆచితూచి తీసుకునే కాలేజీలు మొత్తం జీపీఏ దగ్గర ఆగవు, ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదివిన కోర్సులూ గ్రేడ్ల పట్టిక, వరసగా చదువుతాయి. పక్కనే మీ స్కూల్ ప్రొఫైల్, అంటే బడిలో ఏయే కోర్సులున్నాయో చెప్పే కాగితం, పెట్టుకుంటాయి. మూడే ఏపీలున్న బడిలో మూడూ చదివిన పిల్లకి లోటు రాదు. ఇరవై ఉన్నచోట ఒక్కటీ ముట్టని పిల్లాడే కంట్లో పడతాడు.

నేను 16 ఏళ్లు హైస్కూల్ కౌన్సెలర్‌గా చేశాను. ఏటా అక్టోబరు వచ్చిందంటే కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకటే దరఖాస్తు) ఫారాలతోనే తెల్లారేది. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మీ బడిలో కాలేజీకి వెళ్లబోయే మిగతా పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి ఎంచుకున్న కోర్సులు ఎంత కఠినం? ఐదు గళ్లు. అన్నిటికన్నా పైది ‘మోస్ట్ డిమాండింగ్’. మంచి గ్రేడ్లున్న పిల్లలకి కూడా అక్కడ టిక్కు పెట్టలేక చెయ్యి ఆగిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. నమ్మకం కుదరకపోతే మీకు నచ్చిన కాలేజీ కామన్ డేటా సెట్ (కాలేజీ తన వివరాలు తానే ప్రకటించే పత్రం) తీసి, సీట్లిచ్చేటప్పుడు దేనికెంత విలువో చెప్పే సీ7 పట్టిక చూడండి. మొదటి వరుసే కోర్సుల కాఠిన్యం.

మరి బీ వస్తే? ఈ మాట కాలేజీవాళ్లని అడిగితే ‘ఏపీలోనే ఏ గ్రేడు తెచ్చుకోండి’ అని నవ్వేస్తారు. నాకు ఒళ్లు మండేది. నా మాట వినండి: గట్టి పాఠాల మధ్య ఒక బీ ఎవరినీ ముంచదు. ఐదు ఏపీలు నెత్తినేసుకుని మూడింట్లో సీలు తెచ్చుకుంటే మాత్రం ముంచుతుంది.

మీ రాష్ట్రంలో ఇంకో మెలిక ఉంది. 1997 చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఒక్క టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌కి మాత్రం 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టరు) నుంచి అది 5 శాతమే. ఆ ర్యాంకు మీ స్కూల్ డిస్ట్రిక్టు గ్రేడ్లకిచ్చే పాయింట్ల మీదే కడతారు. కొన్నిచోట్ల ఏపీలో బీ, ఆనర్స్‌లో ఏ ఇంచుమించు సమానంగా తూగుతాయి. మీ పాయింట్ల పట్టిక తెప్పించి చూసుకోండి. సీటు ఖాయమంటే యూనివర్సిటీలోనే సుమా, కంప్యూటర్ సైన్సులో కాదు.

అసలు సంగతి మీరు రాయలేదు. ఇప్పుడు వాడికి లెక్కల్లో ఎంత వస్తోంది? ఫిజిక్స్‌లో పిల్లలు జారేది అక్కడే. 90 దాటుతుంటే తీసుకోనివ్వండి. 80 దగ్గర ఊగిసలాడుతుంటే ఫిజిక్స్ ఆనర్స్‌లో చదివించి, వాడికి బాగా వచ్చే సబ్జెక్టులో ఏపీ పెట్టించండి. కోర్సులు ఖాయం చేసేలోపు ఒకసారి వాళ్ల కౌన్సెలర్‌ని కలవండి. మీవారినీ వెంటబెట్టుకెళ్లండి.