పిక్కల కోసం కొన్న మెగ్నీషియం పొడి, పనిచేసింది మాత్రం ఇంకోచోట

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, నిద్ర చెడిపోతోంది, ఎవరో రోజూ మెగ్నీషియం పొడి తాగమన్నారు. ఎంత వేసుకోవాలి, ఎప్పుడు తాగాలి, నిజంగా పనిచేస్తుందా అని.

నేను 14 నెలలుగా తాగుతున్నాను. డాక్టర్ని కాను. కాకినాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, రోజుకు ఐదు గంటలు బోర్డు ముందు నిలబడే ఉద్యోగం. మీ బాధ ఎలాంటిదో బాగా తెలుసు. తెల్లవారుజామున మూడింటికి పిక్కలో నిమ్మకాయంత గడ్డ కట్టినట్టయి, కాలు చాపలేక, ముడవలేక, కుంటుకుంటూ మంచం దిగి గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. మా ఆవిడ కళ్ళు తెరవకుండానే "మళ్ళీనా?" అనేది.

మొదటి డబ్బా మా బావమరిది డాలస్ నుంచి వస్తూ తెచ్చాడు. అక్కడ వాళ్ళకు తెలిసినవాళ్ళు చాలామంది పడుకునేముందు దీన్ని వేడినీళ్ళలో కలుపుకుని తాగుతారట, మనం పాలు తాగినట్టు. తెల్లటి పొడి, వాసన లేదు, నాలుక మీద వేసుకుంటే నిమ్మఉప్పు పులుపు. వేడినీళ్ళు పోయగానే బుస్సుమని పొంగుతుంది. అందులో ఉండేది మెగ్నీషియం కార్బొనేటు, సిట్రిక్ యాసిడ్. నీళ్ళు తగలగానే రెండూ కలిసి మెగ్నీషియం సిట్రేట్ అవుతాయి, పైకి వచ్చే నురగంతా గోళీసోడాలో ఉండే గ్యాసే. ఈ సంగతి తెలియక రెండోరోజు జిమ్ కుర్రాళ్ళలాగా మూత బిగించిన సీసాలో వేసి గిలకొట్టాను. మూత ఎగిరి ఎక్కడో పడింది, సగం నీళ్ళు నా చొక్కా మీద. పొడి వేసిన గ్లాసును పొంగు తగ్గేదాకా ఓ రెండు నిమిషాలు అలా వదిలేయాలి, అంతే. పాలల్లో కలుపుదామని ఆలోచన వస్తే మానుకోండి, విరిగిపోతాయి. అదీ చేసి చూశాను.

అసలు ముచ్చట మొదటిరోజుది. డబ్బా మీద రెండు చెంచాలు అని ఉంది. మనం పట్టింపు మనుషులం కదా, రెండు చెంచాలూ నిండుగా, గోపురం కట్టి మరీ వేసుకుని పొద్దున్నే పరగడుపున తాగేసి కాలేజీకి వెళ్ళాను. రెండో పీరియడ్‌లో పారాబోలా గీస్తుండగా కడుపులో గుడగుడ మొదలైంది. గీత సగంలో ఉండగానే చాక్‌పీసు బల్ల మీద పెట్టి పరుగు. పిల్లలు ఆ రోజంతా నన్ను జాలిగా చూశారు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఒంటికి పట్టని మెగ్నీషియం పేగుల్లోనే ఉండిపోయి నీటిని లాక్కుంటుంది. మన పెద్దవాళ్ళు విరేచనం సాఫీగా కావడానికి తాగిన మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పనిచేసేదీ ఇలాగే, అది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. గుండెమంటకు తాగే జెల్ మందుల్లో కూడా ఇదే ఉంటుంది. అయితే వాటిలో సాధారణంగా అల్యూమినియం హైడ్రాక్సైడ్ కూడా కలుపుతారు, అది బిగిస్తుంది, ఇది వదులు చేస్తుంది. కాబట్టి మీరు మొదలుపెడితే అర చెంచాతో మొదలుపెట్టండి, చెంచా అంచుకి సమంగా కత్తితో గీసి. వారం చూసి, కడుపు ఏమీ అనకపోతే కొంచెం పెంచండి. మొదటి వారంలో శనివారం రాత్రి మొదలుపెడితే మరీ మంచిది, మర్నాడు సెలవు.

ఇప్పుడు పిక్కల విషయం. పొడి మొదలుపెట్టిన మూడో వారానికి తగ్గాయి. నేను ఊరంతా చెప్పుకున్నాను కూడా. కానీ ఆ నెలలోనే ఇంకో రెండు పనులు జరిగాయి. మా డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి మెగ్నీషియం 2.0 ఉంది, మామూలే అన్నారు. (ఒంట్లో ఉన్న మెగ్నీషియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో ఉండదు, సగానికి పైగా ఎముకల్లోనే. అందుకని ఆ అంకె చూసి అంతా బాగుందనీ అనుకోలేం.) క్లాసుకి క్లాసుకి మధ్య నీళ్ళు తాగుతున్నారా అని అడిగారు. లేదు. అప్పట్నుంచి తాగడం మొదలుపెట్టాను. ఇంకా, గోడకి అరచేతులు ఆనించి, మడమ నేలకి అదిమి, పిక్క సాగేలా అరనిమిషం నిలబడండి, పడుకునేముందు కాలికి మూడుసార్లు, అన్నారు. అదీ మొదలుపెట్టాను. మూడు పనులు ఒకేసారి చేసి ఒకదానికి సన్మానం చేయడం లెక్కల మాస్టారు చేయాల్సిన పని కాదు.

మే నెలలో తేలింది. హైదరాబాద్‌లో మా అన్నయ్యగారింట్లో ఇరవై రోజులు ఉన్నాం, డబ్బా ఇక్కడే మర్చిపోయాను. గోడ దగ్గర కసరత్తు మానలేదు, నీళ్ళు మానలేదు. పిక్కలు ఒక్కసారి కూడా పట్టలేదు. కానీ నాలుగో రోజుకే మోషన్ మళ్ళీ పాత కథ, బాత్రూంలో పేపరంతా చదివినా పని కాదు. ఇంటికొచ్చి పొడి మొదలెట్టిన రెండోరోజుకి సర్దుకుంది. అంటే నా మటుకు ఈ పొడి పనిచేసింది మలబద్ధకం మీద, పిక్కల మీద కాదు. ఈ మాట చెప్తే బావమరిది చిన్నబుచ్చుకున్నాడు. కాని పెద్దవయసు వాళ్ళలో పిక్కలు పట్టడానికి మెగ్నీషియం చెప్పుకోదగ్గ మేలు చేయకపోవచ్చని, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు పాత పరిశోధనలన్నీ ముందేసుకుని 2012లో చెప్పారు, 2020లో మళ్ళీ చూసి అదే అన్నారు. గర్భిణుల విషయంలో ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయన్నారు. నిద్ర సంగతి అంటారా, పిక్క పట్టకపోతే ఎవడైనా నిద్రపోతాడు.

సిట్రేట్ అయిపోయాక గ్లైసినేట్ పొడి (మెగ్నీషియంకి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం తగిలించినది) కొన్నాను. ఇది కడుపుని అంతగా కదిలించదు. పులుపుండదు, కొంచెం తియ్యగా మొదలై చివర్న చేదు, గ్లాసు అడుగున సున్నంలా కాస్త మిగులుతుంది. దీని డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో 2000 మిల్లీగ్రాములు అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో ఎలిమెంటల్ మెగ్నీషియం, అంటే అందులో ఉండే అసలు మెగ్నీషియం, 500 అని ఉంది. ఇక్కడ నాకు నిద్ర పట్టలేదు, నిజంగానే. స్టాఫ్‌రూంలో కెమిస్ట్రీ మాస్టార్ని పట్టుకున్నాను. మెగ్నీషియం పరమాణు భారం 24.3. ఒక మెగ్నీషియంకి రెండు గ్లైసిన్‌లు తగిలిస్తే మొత్తం 172.4. భాగిస్తే నూటికి 14. అంటే 2000 మిల్లీగ్రాముల అసలైన గ్లైసినేట్‌లో మెగ్నీషియం సుమారు 280కి మించి ఉండటానికి వీల్లేదు. మరి 500 ఎక్కణ్ణుంచి వచ్చింది? "ఆక్సైడ్ కలిపి ఉంటారండి" అన్నారాయన టీ చప్పరిస్తూ. ఆక్సైడ్‌లో నూటికి 60 మెగ్నీషియమే, చవక, అంకె పెద్దదిగా కనిపిస్తుంది, కాని ఒంటికి పట్టేది తక్కువ. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదివితే నిజంగానే ఓ మూల మెగ్నీషియం ఆక్సైడ్ అని ఉంది. ఇది మోసం అని అననుగాని, ముందువైపు చూసి కొంటే మనం అనుకున్నది రాదు. మీరు గ్లైసినేట్ డబ్బా కొనేటప్పుడు వెనక ఉన్న ఎలిమెంటల్ అంకె ఒక్కటే చూడండి, దాన్ని ముందున్న అంకెతో భాగించండి. 14 శాతం కన్నా బాగా ఎక్కువొస్తే కలిపారన్నమాట. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఎంత అంటే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మగవాళ్ళకి రోజుకు 440, ఆడవాళ్ళకి 370 మిల్లీగ్రాములు కావాలి. ఇది తిండితో కలిపి. అమెరికావాళ్ళు పొడి, మాత్రల రూపంలో 350 దాటొద్దంటారు. నేను 150 దగ్గర ఆపాను. మిగతాది తిండిలోనే వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 140 పైనే ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అందులో నాలుగో వంతు కూడా రాదు. నువ్వుల్లో ఇంకా చాలా ఎక్కువ. మా అత్తగారైతే "రెండు నువ్వుండలు తింటే పోయేదానికి డబ్బాలెందుకు నాయనా" అంటారు. ఆవిడ మాట నిజమే, కాని నువ్వుండలు రెండుతో ఆగవు, నాకు సుగరు అంచున ఉంది.

ఇక మీరు అడగనిది, కాని నేను ముఖ్యమనుకునేది: ఇంట్లో మిగతా మాత్రలు. మా ఆవిడకి థైరాయిడ్ ఉంది, పొద్దున ఆరింటికి పరగడుపున మాత్ర. నేను తాగుతున్నాను కదా అని తనూ అదే టైముకి పొడి మొదలుపెట్టింది, మాత్ర ఆ నీళ్ళతోనే మింగేసేది. మూడు నెలల తర్వాత టెస్ట్ చేయిస్తే 3 దగ్గర ఉండే టీఎస్‌హెచ్ 7 దాటింది, అంటే మందు సరిపోవట్లేదన్నమాట. డాక్టరమ్మ మోతాదు పెంచబోతూ, "కొత్తగా ఏమన్నా వాడుతున్నారా?" అని అడిగారు. పొడి అనగానే కలం కింద పెట్టేశారు. మెగ్నీషియం ఆ మందుని పేగుల్లోనే పట్టేసుకుంటుందట, రెండింటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలట. పొడిని రాత్రికి మార్చాం, మాత్ర అదే మోతాదు. తర్వాతి టెస్ట్‌లో 3.4. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో కూడా ఇదే తంటా. నాకు జ్వరమొచ్చి డాక్సీ వాడినప్పుడు ఆ వారం పొడి జోలికే వెళ్ళలేదు. మరోవైపు, ఏళ్ళ తరబడి రోజూ గ్యాస్ మాత్ర, అంటే పాంటోప్రజోల్ లాంటివి మింగేవాళ్ళలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. అలాంటివాళ్ళకి నిజంగా అవసరం పడొచ్చు. డాక్టరుతో మాట్లాడాల్సింది వాళ్ళే.

పక్కింటి మాస్టారి సంగతి చెప్పాలి. రిటైరయ్యారు, పాతికేళ్ళ సుగరు. నా గొప్పలు విని ఓ సాయంత్రం గిన్నె పట్టుకుని వచ్చారు, "ఓ నాలుగు చెంచాలు పెట్టండి, నాకూ కాళ్ళు లాగుతున్నాయి." కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత అని అడిగాను. 1.9, ఉండాల్సినదానికన్నా ఎక్కువే. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే, అవి మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది, బాగా ఎక్కువైతే గుండె లయ కూడా తప్పుతుంది. పెట్టనన్నాను. "పొడికే ఇంత పిసినారితనమా" అని నవ్వుతూనే అన్నారుగాని మనసులో పెట్టుకున్నారు, వారం మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ డాక్టరు కూడా వద్దన్నారని ఆయనే వచ్చి చెప్పారు. ఆ వారం మాత్రం కష్టంగానే గడిచింది, మేమిద్దరం పొద్దున్నే కలిసి నడుస్తాం.

దాచుకోవడం గురించి ఒక్క మాట. మాది సముద్రపుగాలి ఊరు. వానాకాలం తడి చెంచా ఒక్కసారి పెడితే పొడి పొద్దున్నకి రాయి. సిట్రేట్ పొడి అయితే చెమ్మకి డబ్బాలోనే కొంత పొంగు అయిపోతుంది, నీళ్ళు పోస్తే బుస్సుమనదు. అందుకని పాత హార్లిక్స్ సీసాలోకి మార్చాను, పేరు రాయలేదు. ముసురుపట్టిన రోజు మా అత్తగారు అది వంటసోడా అనుకుని బజ్జీల పిండిలో ఓ చెంచా వేశారు. మిరపకాయ బజ్జీకి నిమ్మకాయ పిండినంత పులుపు. మా అబ్బాయి మాత్రం బాగున్నాయని ఇంకో రెండు అడిగాడు. ఇప్పుడు సీసాకి పెద్ద చీటీ అంటించి ఉంది, పొయ్యిగట్టు మీద కాదు, మందుల అరలో.

నా పద్ధతి ఇదీ: రాత్రి ఎనిమిదింటికి భోజనం, తొమ్మిదిన్నరకి గోరువెచ్చటి నీళ్ళు అర గ్లాసు, సమంగా గీసిన ఒక చెంచా. కలిపి పెట్టి గోడ దగ్గరికి వెళ్తాను, కాలికి మూడుసార్లు సాగదీసి వచ్చేసరికి తాగడానికి సిద్ధంగా ఉంటుంది. మీకు పిక్కలే బాధ అయితే ముందు ఓ రెండు వారాలు గోడ దగ్గరికి మాత్రమే వెళ్ళి చూడండి, దానికి డబ్బా కొనక్కర్లేదు. కాలు వాచినా, ఒక్క కాలే నొప్పెడుతున్నా, నడుస్తుంటే పట్టేసి ఆగితే తగ్గుతున్నా అది వేరే సంగతి, పొడితో కాలయాపన చేయకుండా చూపించుకోండి.

మీ వయసెంతో, ఇప్పుడు ఏయే మాత్రలు వాడుతున్నారో రాయలేదు. బీపీకి నీరు పోయే మాత్ర ఏదైనా ఉందా?