ఒకే ధర్మాసనంలో కూర్చునే న్యాయమూర్తుల మధ్య సంబంధాలు తీర్పు రాతలో కనిపిస్తాయా?

కనిపిస్తాయి. ఇద్దరికీ పొసగకపోతే ఫలితమే తారుమారవుతుందా అని మీరు అడిగారు. అలా జరగడం నేను చూడలేదు గానీ, తీర్పులోని భాష మారడం తరచూ చూశాను.

ఒక హైకోర్టులో న్యాయమూర్తి వద్ద లా క్లర్క్‌గా పనిచేసిన కాలంలో, డివిజన్ బెంచ్ (ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం) తీర్పుల డ్రాఫ్టులు ఒక చాంబర్ నుంచి మరో చాంబర్‌కు వెళ్లి, పెన్సిల్ గీతలతో తిరిగి రావడం దగ్గరగా గమనించాను. రోస్టర్ (ఎవరు ఏ బెంచ్‌లో కూర్చోవాలో చెప్పే పట్టిక) మారి పక్కన కూర్చునేవారు మారగానే మా సారు రాసే తీరు కూడా మారేది. చనువున్న వారితో అయితే భోజన విరామంలోనే తేలిపోయిన అంశానికి రెండు పేరాలు చాలేవి; అంతగా మాటలు లేని వారితో అయితే ప్రతి వాక్యానికీ ఒక పూర్వ తీర్పును ఆసరాగా పెట్టేవారు.

సింగిల్ జడ్జి, అంటే ఒక్కరే కూర్చుని విచారించే న్యాయమూర్తి, ఇచ్చిన ఉత్తర్వుపై అదే హైకోర్టు డివిజన్ బెంచ్ ముందుకు వచ్చే రిట్ అప్పీళ్లలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ ఉత్తర్వు రాసినవారు అదే కోర్టులో రోజూ ఎదురుపడే సహచరులు. ఒక సర్వీసు (ఉద్యోగ వివాద) కేసులో ‘సింగిల్ జడ్జి ఈ నిబంధనను విస్మరించారు’ అని ఉన్న వాక్యం, డ్రాఫ్టు తిరిగి వచ్చేసరికి ‘ఈ నిబంధన సింగిల్ జడ్జి దృష్టికి తీసుకురాబడినట్లు లేదు’ అని మారింది. ఉత్తర్వు ఎలాగూ రద్దయింది. తప్పు మాత్రం మర్యాదగా, ఆ నిబంధనను చూపాల్సిన న్యాయవాదుల ఖాతాలోకి వెళ్లింది. (వారికి అది కొత్తేమీ కాదు.)

సుప్రీంకోర్టులోనూ ఈ తేడా చూడవచ్చు. రాజ్యాంగ సవరణ అధికారంపై వచ్చిన 1973 నాటి కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 11 వేర్వేరు తీర్పులు రాశారు. మెజారిటీ అభిప్రాయమంటూ చివర జోడించిన సారాంశంపై 9 మందే సంతకం చేశారు. ఆ సారాంశానికి ఎంత విలువ ఇవ్వాలన్న వాదన తరువాత కూడా సాగింది. 2019 నాటి అయోధ్య తీర్పులో అయిదుగురూ ఒకే మాటపై నిలిచారు, రచయిత పేరు కూడా వేయలేదు.

అయితే సఖ్యత ఎక్కువైనా నష్టమే. సర్దుబాటు కోసం కత్తిరించిన పేరాలో పనికొచ్చే భిన్నాభిప్రాయం ఉండవచ్చు. 1962లో పోలీసు నిఘాపై వచ్చిన ఖరక్ సింగ్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి, మెజారిటీతో విభేదించి విడిగా రాశారు. గోప్యత హక్కుపై 2017లో తొమ్మిది మంది ధర్మాసనం సరైనదిగా స్వీకరించింది ఆ విడి తీర్పునే.