ఓవర్ అంటే ప్రతిసారీ ‘అతి’ అని కాదు

ఓవర్, సూపర్, హైపర్ ముందు తగిలించిన ఇంగ్లీషు మాటలన్నిటికీ ‘అతిగా’ అనే అర్థం చెప్పుకోవచ్చా అని అడిగారు. చెప్పుకోకూడదండీ. ముందు తగిలించిన ముక్కను చూసి అర్థం ఊహించుకుంటే ఏమవుతుందో నాకు రెండుసార్లు తెలిసొచ్చింది.

మొదటిది ఉద్యోగంలో చేరిన కొత్తలో. నెలాఖరు స్టాక్ స్టేట్‌మెంట్ తయారుచేసి మా మేనేజరుగారికి మెయిల్ పెట్టాను. ‘ఒకసారి పైనుంచి కిందిదాకా చూడండి సార్’ అనాలి. లుక్ అంటే చూడటం, ఓవర్ అంటే పైన, ఇంకేం కావాలి! ‘ప్లీజ్ ఓవర్‌లుక్ ది స్టేట్‌మెంట్’ అని దర్జాగా రాసేశాను. సాయంత్రం దాకా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెళ్లి అడిగితే, “పట్టించుకోవద్దని నువ్వే రాశావుగా బాబూ, పట్టించుకోలేదు” అన్నారు. ఆయన మొహంలో నవ్వు లేదు. పక్క సీటు మేడమ్ మాత్రం మానిటర్ వెనక తల దాచుకుని ఒకటే నవ్వు.

ఓవర్‌లుక్ చేయడమంటే చూసీ చూడనట్టు వదిలేయడం, లేదా చూడకుండా దాటిపోవడం. అదే మాటను సముద్రం కనిపించే గదికి హోటల్‌వాళ్లు వాడితే ‘పైనుంచి కనిపిస్తుంది’ అని అర్థం. ఇక ఓవర్‌సీ చేయడమంటే దగ్గరుండి పర్యవేక్షించడం. లుక్ అన్నా సీ అన్నా చూడటమే, ఓవర్ తగలగానే ఒకటి తూర్పు, ఒకటి పడమర. ఓవర్‌సైట్ అయితే రెండు పడవల మీదా కాళ్లేసింది: ఓవర్‌సైట్ కమిటీ అంటే పర్యవేక్షణ కమిటీ, ‘ఇట్ వాజ్ యాన్ ఓవర్‌సైట్’ అంటే పొరపాటున చూసుకోలేదని. పర్యవేక్షించాల్సిన కమిటీలే చూసుకోకుండా వదిలేసినప్పుడు ఈ మాటే గుర్తొస్తుంది నాకు.

ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. ఓవర్ తీసేసి ఆ చోట ‘అతి’ పెట్టి చూస్తాను, కుదరకపోతే ‘పై’ పెట్టి చూస్తాను. ఓవర్‌లోడ్, ఓవర్‌డోస్, ఓవర్‌కాన్ఫిడెన్స్‌లకు అతి సరిపోతుంది. ఓవర్‌కోట్, ఓవర్‌హెడ్ ట్యాంకు, రైలు పట్టాల మీద కట్టే ఓవర్‌బ్రిడ్జి, వీటికి పై. ఆ ట్యాంకు నిండి ఓవర్‌ఫ్లో అయితే రెండూ కుదురుతాయి. ఓవర్‌టేక్, ఓవర్‌హాల్ లాంటివి దేనికీ లొంగవు, వాటిని మాటగానే నేర్చుకోవాలి. ఓవర్‌టేక్‌కు వ్యతిరేకం అండర్‌టేక్ కాదు. అండర్‌టేకింగ్ అంటే ఆఫీసుల్లో మనచేత సంతకం పెట్టించుకునే హామీపత్రం.

మనకు ఈ తికమక తక్కువ. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ఉపసర్గల్లో హద్దు దాటితే ‘అతి’ ఉంది: అతివృష్టి, అత్యాశ. పైన ఉండటానికి ‘అధి’ ఉంది: అధిపతి, అధికారి. ఇంగ్లీషువాళ్లు రెండు పనులూ ఓవర్ నెత్తినే పెట్టారు.

ఇంకో తమాషా ఏమిటంటే ఇంగ్లీషు ఓవర్, లాటిన్ సూపర్, గ్రీకు హైపర్, మన ‘ఉపరితలం’లోని ఉపరి, నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములే. సూపర్ ఫ్రెంచి దారిన వచ్చేసరికి ‘సర్’ అయింది. అందుకే సూపర్‌వైజ్, సర్వే, ఓవర్‌సీ మూడింటికీ అసలు అర్థం ‘పైనుంచి చూడటం’. మన పొలం కొలిచే సర్వేయరూ, కూలీల దగ్గర నిలబడే సూపర్‌వైజరూ మాటల వరసలో బంధువులే. కరెంటు బిల్లులో సర్‌చార్జి అన్నా, చార్జి మీద మళ్లీ చార్జి అనే.

హైపర్ ఎక్కువగా డాక్టర్ల సొత్తు. నా రెండో దెబ్బ అక్కడే. అమ్మ రక్తపరీక్ష రిపోర్టు నేనే తెచ్చాను. టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుంది. ఎక్కువంటే హైపరే కదా అని తమ్ముడికి ఫోన్ చేసి హైపర్ థైరాయిడ్ అని చెప్పేశాను. వాడు రాత్రికి రాత్రి నెట్‌లో చదివి “అమ్మ బరువు తగ్గాలి కదరా, పెరిగిందేంటి?” అని ఒకటే టెన్షన్. పొద్దున డాక్టరుగారు రిపోర్టు చూసి హైపో అన్నారు. హైపో అంటే కింద, తక్కువ. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోను కాదు, థైరాయిడ్‌ను పని చేయమని మెదడు దగ్గరున్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను. థైరాయిడ్‌లో పని మందగిస్తే పిట్యూటరీ నుంచి కేకలు ఎక్కువవుతాయి. కాబట్టి అంకె పెరిగింది, పని తగ్గింది. హైపర్, హైపోల మధ్య తేడా చివరి అక్షరంలోనే ఉంది, ఫోన్‌లో అయితే అదీ సరిగ్గా వినపడదు.

హైపర్‌టెన్షన్‌లో టెన్షన్ కూడా మనం పడే టెన్షన్ కాదు, రక్తనాళాల్లో ఉండే ఒత్తిడి. మా మావయ్యకు ఇది ఎక్కించలేక చచ్చాను. “నాకు దేనికీ టెన్షన్ లేదల్లుడూ, బీపీ ఎందుకొస్తుంది?” అని మాత్ర పక్కన పడేసేవాడు.

ఓవర్ యాక్షన్ గురించి కూడా అడిగారు. ఇంగ్లీషులో అయితే ఓవర్‌యాక్టింగ్ అనాలి. మనవాళ్లు యాక్షన్ కూడా ఎందుకని తీసేసి, ‘ఓవర్ చేయకు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.